ఎవరి దూప?

నోట్లో ఉప్మా నములుతూనే ఆయా సమ్మక్క కుర్చీలోంచి లేచింది. భుజాలు దగ్గరికి ముడుచుకుంది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, మా టీ గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు.

"ఓదెలు తాతకు సలి పెడుతుంది సిస్టరమ్మా," అంటూ ప్లేటు నా చేతిలో పెట్టేసి హాల్లోకి పరుగెత్తింది.

నేనూ వెనకే వెళ్ళాను. ఏసీ గాలి సూటిగా ఓదెలు మంచం మీదికి కొడుతోంది. దుప్పటి కింద పడిపోయింది. ఆయన మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఎవరినీ పిలవకుండా గోడ వైపు చూస్తున్నాడు. పిలవడం ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. సమ్మక్క దుప్పటి కప్పి, ఆయన పాదాలు అరచేతులతో రుద్దింది. కాసేపటికి ఆమె భుజాలు వాటంతట అవే దిగాయి.

"ఆ, ఇప్పుడు మంచిగుంది," అంది, ఇద్దరి తరఫునా.

నా పేరు మార్తా. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా రిటైరై, హనుమకొండ శివార్లలోని ఈ 'ఊరట' ఆశ్రమానికి ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వచ్చాను. మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళు ఇక్కడ ఉంటారు. ఇది ఒకప్పుడు ఫంక్షన్ హాలు. గిరాకీ తగ్గాక ఓనరు మంచాలు వేయించి ఆశ్రమం చేశాడు గానీ స్టేజీని, దాని మీది ఎర్ర సింహాసనాలను తీయించలేదు. దాంతో మా వాళ్ళలో సగం మంది రోజూ పెళ్ళికి వచ్చామనే అనుకుంటారు. ఒక ముసలమ్మ నన్ను కనబడినప్పుడల్లా "లగ్గం ఎప్పుడు బిడ్డా, ఆకలైతుంది," అని నిలదీస్తుంది. మొదట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు "బంతి లేవనీ పెద్దమ్మా," అంటాను.

ఓదెలు ఆ పెళ్ళిలో దర్జీ. జన్మంతా చౌరస్తా దగ్గర కుట్టుమిషను తొక్కినవాడు. మాట పోయినా వేళ్ళు ఊరుకోవు. దగ్గరికి వచ్చినవాళ్ళ బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తాడు. నా యూనిఫాం చెయ్యి పట్టుకుని చూసి ముఖం చిట్లించడం నాకు అలవాటైపోయింది.

ఆయన కూతురు నవనీత ఊళ్ళోనే ఇంజినీరింగ్ కాలేజీలో పరిశోధకురాలు. సమ్మక్క చెవి వెనకున్న బిళ్ళ ఆమె తయారు చేసిందే. చూడటానికి బొట్టుబిళ్ళంత ఉంటుంది. జతగా వస్తుంది. ఒకటి పేషెంటు చెవి వెనక, రెండోది చూసుకునే మనిషి చెవి వెనక. ఎందరిని చూసుకున్నా ఆ మనిషికి ఒక్క బిళ్ళే. ఆ ఒంట్లో కలిగింది ఈ ఒంట్లో తెలుస్తుంది. చలి, నొప్పి, ఆకలి, దాహం, పక్క తడవడం. అది ఎవరిదో చేతి గడియారంలో పేరు పడుతుంది.

ఆమె ఈ పని మొదలుపెట్టడానికి ఒక పిప్పి పన్ను కారణం. అంతకుముందు ఓదెలు వేరే ఆశ్రమంలో ఉండేవాడు. అక్కడ ఉన్నట్టుండి అరవడం, కొట్టడం మొదలుపెట్టాడట. జబ్బు ముదిరిందన్నారు, నిద్రమందు ఇచ్చారు, ఇంకా అరిస్తే ఇంకా ఇచ్చారు. చివరికి దవడ వాచాక తెలిసింది, పన్ను కింద చీము పట్టిందని. "నేను కూడ సంతకం పెట్టిన సిస్టర్, ఆ నిద్రమందుకు," అని నవనీత నాతో మొదటి రోజే చెప్పింది. చెప్తూ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

బిళ్ళను మా దగ్గర వాడే ముందు నన్ను తన ల్యాబుకు పిలిచింది. నేను అలాంటివి అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. ఆసుపత్రిలో కొత్త మిషన్లు రావడం, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మూలన పడటం చాలా చూశాను. ఒక గదిలో నన్ను కూర్చోబెట్టి, పక్క గదిలో తన విద్యార్థిని చేతిలో ఐసు ముక్క పెట్టింది. నా కుడి అరచెయ్యి చురుక్కుమంది. చెయ్యి దులుపుకున్నాను. దులుపుకోవడానికి అందులో ఏమీ లేదు.

"ఎట్లున్నది సిస్టర్?" అని తలుపులోంచి తొంగి చూసింది.

"ముందుగాల ఆ పిల్ల చేతిల నుంచి ఐసు తియ్యమ్మా," అన్నాను.

ఆ జవాబు విని నవనీత ముఖం వెలిగిపోయింది. తనకు కావలసింది సరిగ్గా అదేనట.

మొదటి నెలల్లో 'ఊరట' నిజంగానే ఊరటగా మారింది. ఒంటి మీద పుండ్లు మానిపోయాయి. తడిసిన పక్కలో ఎవరూ పడి ఉండలేదు. నా బల్ల మీద ఒక తెర పెట్టారు. ఎవరికైనా ఏదైనా కావలసి వస్తే పేరు ఎర్రగా వెలుగుతుంది, తీరగానే ఆకుపచ్చగా మారుతుంది. చూడటానికి వచ్చిన బంధువులు ఆ తెరను ఫొటోలు తీసుకుని వెళ్ళేవారు. పెద్దవాళ్ళ నాడి నిలకడగా ఉండదు కాబట్టి, తీరిందా లేదా అన్నది చూసుకునే మనిషి ఒంటిని బట్టే బిళ్ళ తేల్చుకుంటుంది. ఆమెకు నెమ్మదించిందంటే పెద్దాయనకు నెమ్మదించినట్టే. ఆ తర్వాత కాసేపు సతాయించకుండా ఊరుకుంటుంది. నవనీత ఇదంతా నాకు విడమరిచి చెప్పింది. వినడానికి సబబుగానే ఉంది.

ఓనరుకు ఇంకా సబబుగా తోచింది. "మంచానికొకరు కాపలా ఎందుకు సిస్టర్? నీళ్ళ దూపైతే వాళ్ళకే తెలుస్తది గదా," అని సగం మందిని మానిపించాడు. ముగ్గురిని చూసుకునే సమ్మక్కకు ఆరుగురిని అప్పజెప్పాడు. నేను గొంతు చించుకున్నాను. నా మాట చెవిన పెట్టలేదు. అప్పట్నుంచి పనివాళ్ళు మంచాల పక్కన కూర్చోవడం మానేశారు. పని లేనప్పుడు టీ గదిలో కూర్చుని, బిళ్ళ పిలిస్తే లేచి వెళ్ళేవారు.

సమ్మక్కలో ఒక మార్పు వచ్చింది. లావెక్కింది. ఇంటి దగ్గర మాత్రం అన్నం ముట్టడం లేదని వాళ్ళ అత్త ఫిర్యాదు. బిళ్ళ ఆశ్రమం గేటు దాటితే పని చేయదు. "ఆకలైతలేదానే అని మా అత్త అడుగుతది సిస్టరమ్మా. నేను 'ఎవరికి?' అని అడిగిన," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వు ఎలా వచ్చిందో నాకిప్పుడు అర్థం కాదు.

మే నెలలో రోళ్ళు పగిలే ఎండలు కాశాయి. ఒక మధ్యాహ్నం ఓదెలుకు స్నానం చేయిద్దామని లేపితే మెడ నిలవలేదు. నాలుక చెక్కలా ఉంది. చేతి మీద చర్మం పట్టి లాగి వదిలితే మళ్ళీ కిందికి దిగలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి చర్మాన్ని కలరా వార్డుల్లో చూశాను, ఏసీ హాల్లో ఎన్నడూ చూడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టిస్తే ప్రాణం నిలిచింది. కిడ్నీలు దెబ్బ తినే దాకా వచ్చాయని డాక్టరు నన్ను చెడామడా తిట్టాడు. పడ్డాను. పడాల్సిందే.

నవనీత నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి ఆ వారమంతా తెర మీద పడినవి తిరగేసింది. ఓదెలు, దాహం, ఎరుపు, ఆకుపచ్చ. ఓదెలు, దాహం, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"అంత పచ్చగనే ఉన్నది. మా నాయిన మాత్రం ఎండిపోయిండు," అంది. "ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నరు సిస్టర్. మిషన్‌కు అబద్ధం రాదు."

సమ్మక్కను పిలిపించాను.

"తాపిన మేడం," అంది సమ్మక్క. "నా బిడ్డల మీద ఒట్టు. దూప అయినప్పుడల్ల తాపిన. దూప పోయింది గూడ. నాకు ఎరుకే."

"మరి నీళ్ళు ఎటు పోయినయ్?"

సమ్మక్క తన చేతులు చూసుకుంది. ఆమె కళ్ళల్లో నాకు దొంగతనం కనిపించలేదు, అయోమయం కనిపించింది. ఓనరు మాత్రం మర్నాటితో ఆమెను పంపించేయమన్నాడు. ఇంకో నలభై ఆశ్రమాలు ఈ బిళ్ళ కోసం చూస్తున్నాయి, ఆ అమ్మకంలో ఆయనకూ వాటా ఉంది. తప్పు బిళ్ళది కాదని తేలడం ఆయనకు అవసరం.

మర్నాడు ఓదెలును తీసుకొచ్చేశారు. సెలైన్ తీసేశారు. సాయంత్రంలోగా నోటితో నీళ్ళు తాగడం మొదలుపెట్టకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలని డాక్టరు చెప్పాడు. గొట్టాన్ని ఇలాంటి పేషెంట్లు లాగేస్తారు. కాబట్టి చేతులు మంచానికి కట్టేయాలి. ఆ మాట వినగానే నవనీత తండ్రి వేళ్ళ వైపు చూసింది. ఆయన దుప్పటి అంచు నలిపి చూసుకుంటున్నాడు.

"సమ్మక్కను పంపే ముందు ఒక్క పూట ఆ బిళ్ళ నువ్వు పెట్టుకో బిడ్డా," అన్నాను. "ఏమైతదో నేను గూడ చూస్తా."

నవనీత ఒప్పుకుంది. అందులో ఆమె పంతం కూడా ఉంది. బిళ్ళను తండ్రి ఒక్కడికే కలిపి చెవి వెనక అతికించుకుని, సమ్మక్క కూర్చున్నట్టే మంచానికి దూరంగా, ఆఫీసు గదిలో నా ఎదురుగా కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచి ఏవో లెక్కలు చూసుకుంటోంది. అంతకుముందే ఓదెలు మంచం పక్కన స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి మూత పెట్టి వచ్చాను.

కొంతసేపటికి ఆమె నాలుకతో పెదవులు తడుపుకుంది. తెర మీద ఓదెలు పేరు ఎర్రగా వెలిగింది. నవనీత ల్యాప్‌టాప్ మీంచి కళ్ళు తీయకుండానే బ్యాగులోంచి సీసా తీసి, మూత తిప్పి, గటగటా సగం తాగింది. సీసా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ టైపు చేయసాగింది. తెర మీద పేరు ఆకుపచ్చగా మారింది.

నేను పెన్ను కింద పెట్టాను.

"ఇప్పుడేమైందమ్మా?" అన్నాను.

"నాయినకు దూపైంది. తీరింది."

"ఎవరు తాపిండ్రు?"

"నేనే," అంది. చాలా మామూలుగా అంది.

నేను లేచి ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించాను. మంచం పక్కన గ్లాసు మీద మూత అలాగే ఉంది. మూత తీసి చూపించాను. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి.

"లేదు సిస్టర్, నేను ఇప్పుడే..." అంటూ చెయ్యెత్తి చూపించబోయింది. ఆ చేతిలో తన సీసా ఉంది. దాన్ని చూసుకుంది. తండ్రి పెదవులు చూసింది. సీసాను గ్లాసు పక్కన పెట్టేసింది.

ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. గొంతు ఎండితే చెయ్యి చెంబు మీదికి పోతుంది. ఆ చేతికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన దారి అది. కొత్తలో అందరూ బిళ్ళ అంటే భయభక్తులతో ఉండేవారు, లేచి పరుగెత్తేవారు. అలవాటయ్యాక ఒళ్ళు తన పని తాను చేసుకుపోయింది. సమ్మక్క తాగింది, దాహం తీరింది, ఓదెలుకు తాగించానని మనసారా నమ్మింది. ఆకలైతే తింది. అందుకే లావెక్కింది. ఆరుగురు పెద్దవాళ్ళ ఆకలి ఆమె ఒక్కతే తీర్చుకుంది.

నవనీత టీ గదిలోకి వెళ్ళింది. సమ్మక్క మూటా ముల్లె సర్దుకుని కూర్చుని ఉంది.

"నువ్వు అబద్ధం చెప్పలే సమ్మక్కా," అంది నవనీత. "తప్పు నాది. నేను గూడ గదే జేసిన."

విషయం అర్థమయ్యాక సమ్మక్క ముఖం చూడలేకపోయాను. ఉద్యోగం నిలిచినందుకు సంతోషించలేదు. "నా నోట్లకే పోసుకున్ననా?" అని రెండుసార్లు అడిగింది.

కానీ ఓదెలు తాగాలి కదా. మధ్యాహ్నం నుంచి నవనీత మంచం అంచునే కూర్చుంది. బిళ్ళ తీయలేదు. కొమ్మున్న ప్లాస్టిక్ కప్పు పెదవులకు ఆనిస్తే ఆయన మూతి బిగించాడు. చెంచాతో పోస్తే బయటికి తోసేశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు దాహం లేక కాదు. నవనీత గొంతు తడారిపోయి మాట కీచుమంటోంది. దాహం ఉంది. ఆ దాహానికీ ఎదురుగా ఉన్న కప్పుకూ సంబంధం ఏమిటో ఆయన మరిచిపోయాడు.

"తాగు నాయినా. నీకు దూపైతుంది. నాకు ఎరుకైతుంది," అని బతిమాలింది. తర్వాత గదమాయించింది. కప్పు పళ్ళకు గట్టిగా తగలడంతో నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"నీ దూప తీరాలని తాపుతున్నవా, ఆయనది తీరాలనా?" అన్నాను. కఠినమైన మాటే. అనక తప్పలేదు. ఇలా బలవంతంగా పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషే పోతాడు.

ఆమె కప్పు కింద పెట్టింది. సీసా సంగతి తేలినప్పటి నుంచి పంతం పట్టి తనూ చుక్క నీరు ముట్టలేదు. పెదవులు పగిలాయి. ఎండ గోడ మీంచి దిగిపోయింది. డాక్టరు మనిషి గొట్టం, చేతులు కట్టే పట్టీలు తెచ్చి బల్ల మీద పెట్టి, బయట కూర్చున్నాడు.

"ముందు నువ్వు తాగు బిడ్డా. నువ్వు గూడ పడిపోతే ఇద్దరిని నేను మొయ్యలేను," అన్నాను.

నవనీతకు ఇక తప్పలేదు. పక్కనున్న స్టీలు గ్లాసు తీసుకుంది. తండ్రి ఎదురుగానే, సిగ్గుపడుతూ, కన్నీళ్ళు కారుతుండగా తాగింది. ఒక్కో గుక్కా గొంతులోంచి దిగడం నాకు వినిపిస్తోంది.

ఓదెలు చూస్తున్నాడు. కూతురి ముఖాన్ని కాదు, గొంతును చూస్తున్నాడు. ఆమె గుటక వేసినప్పుడల్లా ఆయన గొంతు కూడా ఒట్టిగా కదిలింది. నేను నవనీత భుజం గట్టిగా నొక్కాను. ఆమె ఆగింది. ఆయన దుప్పటి వదిలేసి రెండు చేతులూ చాచి గ్లాసు పట్టుకున్నాడు.

"గదుమ కిందికి," అని గుసగుసలాడుతూ ఆయన గడ్డం కిందికి వంచి, తల వెనక చెయ్యి పెట్టాను. "చిన్న గుక్క. ఆ. ఇంకొకటి."

తాగాడు. దగ్గలేదు. మళ్ళీ తాగాడు.

నవనీత గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "నేను తాగినప్పుడు ఒకసారి తీరింది సిస్టర్," అంది. "ఇప్పుడు మళ్ళ తీరుతుంది. ఇది నాయినది. ఇది వేరే ఉన్నది." అంత చదువుకున్న పిల్ల చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. డాక్టరు మనిషి పట్టీలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సమ్మక్క చేసిన తప్పూ, నవనీత చేసిన ఒప్పూ ఒకటే పని. ఒకరు వేరే గదిలో తాగారు, ఒకరు ఎదురుగా తాగారు.

నవనీత బిళ్ళలన్నీ తీయించేసింది. ఓనరు ఎగిరిపడ్డాడు. చిన్న మార్పుతో సరిపోయేదానికి మొత్తం ఆపేస్తావా అన్నాడు. పెద్దాయన తాగే దాకా బిళ్ళ ఊరుకోకుండా చేస్తే చాలదా అన్నాడు. "అట్ల జేస్తే కప్పు పళ్ళకు కొడుతరు సార్. నేను కొట్టిన," అంది. ఆ నలభై ఆశ్రమాలకూ తనే ఫోను చేసి కారణంతో సహా చెప్పింది. కాలేజీలో ఆమెకు రావలసిన పెద్ద పదవి రాలేదు. ఆ సంగతి నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

నేనూ ఊరుకోలేదు. జరిగినదంతా బంధువులందరినీ పిలిచి చెప్తానన్నాను. మానిపించిన వాళ్ళలో చాలామందిని ఓనరు మళ్ళీ పెట్టుకున్నాడు. ఇప్పుడు టీ గదికి తాళం వేశాం. టీ తాగినా, నీళ్ళు తాగినా, ఉప్మా తిన్నా మంచాల మధ్యనే, వాళ్ళతో పాటే. ఎవరైనా సీసా ఎత్తితే పక్క మంచంలోంచి ఒక చెయ్యి లేస్తుంది. అన్నిసార్లూ లేవదు. కొందరికి ఇంకా చెంచాతోనే పోస్తాం, కొందరు ఉమ్మేస్తారు. పక్కలు మళ్ళీ అప్పుడప్పుడు తడుస్తున్నాయి. చలి పెట్టిన సంగతి ఆలస్యంగా తెలుస్తోంది. బిళ్ళ ఉన్నప్పుడు కొన్ని బాగుండేవి, కాదనను.

సమ్మక్క సంగతే నాకు దిగులు. బిళ్ళ తీసిన తర్వాత ఒకరోజు బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దుటి నుంచి ఏమీ తాగలేదట. దాహమే వేయలేదట. ఇంతకాలం బయటి నుంచి వచ్చిన దాహానికి అలవాటుపడి, సొంతది ఎలా ఉంటుందో ఆమె ఒళ్ళు మరిచిపోయింది. మెల్లగా వస్తుందని నవనీత అంటుంది. ఎప్పటికో చెప్పలేనంటుంది. వారం వారం వచ్చి సమ్మక్కను పరీక్ష చేస్తుంది, తల దించుకుని వెళ్తుంది.

నిన్న మధ్యాహ్నం సమ్మక్క రెండు గ్లాసులతో ఓదెలు మంచం మీద కూర్చుంది. ఆయన ఆమె చీర కొంగు నలిపి చూసుకుంటున్నాడు.

"దూపైతుందా తాతా?" అని అడిగింది. ఆయన చెప్పలేడని ఆమెకు తెలుసు. అడిగి, వంగి, ఆయన పెదవులూ కళ్ళూ చాలాసేపు చూసింది. బిళ్ళ ఉన్న రోజుల్లో ఆమె ఆయన ముఖం అంతసేపు చూడటం నేను ఎరగను. తర్వాత గ్లాసు ఆయన చేతికి ఇచ్చింది.

రెండో గ్లాసు తన చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగింది.

"నాకు అయితుందా సిస్టరమ్మా?"

నేను దగ్గరికి వెళ్ళి ఆమె గదుమ పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అయితుంది బిడ్డా," అన్నాను. "తాగు."